పులికి ఫొటో, పురుగుకు మందు

2018లో మన దేశం పులుల్ని లెక్కపెట్టుకుంది. అడవుల్లో 26,838 చోట్ల కెమెరాలు కట్టారు. 3,48,58,623 ఫొటోలు పడ్డాయి. అప్పటిదాకా కెమెరాలతో ఇంత పెద్ద వన్యప్రాణి సర్వే ఎవరూ చేయలేదని గిన్నిస్‌వాళ్లు రికార్డు కూడా ఇచ్చారు. అన్నిట్లోనూ పులి కనిపించినవి 76,651. చిరుత కనిపించినవి 51,777. మిగతా మూడు కోట్ల నలభై ఏడు లక్షల పైచిలుకు ఫొటోల్లో జింకలు, పందులు, మేతకెళ్లిన గొడ్లు, గొడ్ల వెంట మనుషులు, గాలికి ఊగిన గడ్డి ఉండే ఉంటాయి. ఆ కెమెరా డబ్బా మీదే కాపురం పెట్టిన చీమల సంగతి మాత్రం ఏ నివేదికలోనూ ఉండదు. లెన్సు మీద పెంకుపురుగు వాలితే అది వన్యప్రాణి కాదు, మరక. గార్డు వచ్చి తువ్వాలుతో తుడిచేస్తాడు.

పులి మీద నాకు పగేమీ లేదు. నల్లమలలో పులి తిరుగుతుంటే దోర్నాలకు, యర్రగొండపాలేనికి ఓ పేరు. మార్కాపురానికి పలకల తర్వాత చెప్పుకోవడానికి ఇంకొకటి. కానీ 1980ల నుంచీ ఉమ్మడి ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పొలాలు అమ్మించింది, పుస్తెలు తాకట్టు పెట్టించింది, పిల్ల పెళ్లి పై ఏటికి వాయిదా వేయించింది పులి కాదు. 1984-85లో తెల్లదోమ. 1987లో శనగపచ్చ పురుగు. 2021లో నల్ల తామరపురుగు. వీటిలో మొదటిదీ చివరిదీ మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండే ప్రాణులు. పులి ఊరి పొలిమేరలో అడుగేస్తే టీవీవాళ్లు ఆ అడుగు చుట్టూ ఎర్ర సున్నా గీసి మూడు రోజులు చూపిస్తారు. మిల్లీమీటరు ప్రాణి రెండు జిల్లాల మిరపపూతను రాల్చేసినప్పుడు మాత్రం దాని పేరు కనుక్కోవడానికి బెంగళూరు మనుషులు రావాల్సి వచ్చింది.

అసలు కిటుకు ఇక్కడుంది. మన రాజ్యంలో పురుగుకు రెండు రకాల పౌరసత్వం. అడవిలో పుడితే అది జాతి సంపద, చేలో పుడితే జాతి శత్రువు. మధ్యలో ఉన్నది ఓ కందకం, నాలుగు తెల్లరాళ్లు, తుప్పుపట్టిన బోర్డు.

నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో పరిశోధన కోసం ఓ మిడతను పట్టాలంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పైఅధికారి అనుమతి కావాలి. ఎవరు పడతారు, ఏ వలతో పడతారు, ఎన్ని పడతారు, పట్టినవి ఏం చేస్తారు, అన్నీ రాసివ్వాలి. అర్జీ ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకు పాకే లోపు ఆ మిడత ముసలిదై, పిల్లల్ని కని, వాటికి పిల్లలు పుట్టి ఉంటాయి. అదే మిడత గాలివాటున రోడ్డు దాటి వినుకొండ వైపు పత్తిచేలో వాలిందనుకోండి, దాన్ని చంపడానికి ఏ అనుమతీ అక్కర్లేదు. అప్పు పుడితే చాలు.

అడవిలో సర్వే ముచ్చటగానే ఉంటుంది. చీకటి పడ్డాక తెల్లటి గుడ్డ కట్టి వెనక దీపం పెడతారు. రెక్కల పురుగులు వచ్చి వాలతాయి. నేలలోకి గ్లాసులు పాతిపెడతారు, నడిచే పురుగులు అందులో జారిపడతాయి. పొదల్ని వలతో ఊడుస్తారు. ఇవి కాక మలేస్ డేరా అనేది ఒకటుంది. స్వీడన్ దేశపు రెనే మలేస్ అనే ఆయన తన గుడారంలోకి దూరిన పురుగులు పైకి పాకి మూలన ఇరుక్కుపోవడం గమనించి, ఆ మూలకే ఓ సీసా కడితే తన పని అవే చేసిపెడతాయి కదా అనుకున్నాడు. 1934లో బర్మా వెళ్లి ఆ డేరా వేసి చూశాడు. ప్రపంచమంతా ఇప్పటికీ అదే వాడుతోంది. కూర్చున్నచోటు నుంచి కదలకుండా లక్ష ప్రాణులు వచ్చి సీసాలో పడటం ఎలాగో కనిపెట్టినవాడు ప్రభుత్వ ఉద్యోగి కాకపోవడం విచిత్రమే.

పట్టినవాటిని సారాలో వేస్తారు, సూదికి గుచ్చుతారు, మీసాల్లో ఎన్ని కణుపులున్నాయో, రెక్కల మీద నరాలు ఎటు చీలాయో సూక్ష్మదర్శినిలో చూస్తారు. నడుం పడిపోయే పని, కళ్లు పోయే పని. నెలలు పడుతుంది. అప్పుడు జాబితా వస్తుంది. 1916లో కలకత్తాలో పుట్టిన భారత జంతు సర్వేక్షణ సంస్థ, జెడ్‌ఎస్‌ఐ, సంరక్షిత ప్రాంతాల జంతుజాలం మీద ఏకంగా పుస్తకాల వరసే వేస్తోంది. ఆ పని చేసేవాళ్లకు నేను దణ్ణం పెడతాను. నా తగువు ఆ తర్వాతి ఘట్టంతో. పుస్తకాన్ని వేదిక మీద నలుగురూ నాలుగు అంచులు పట్టుకుని గుండెలకు ఆనించుకుని ఫొటో దిగుతారు. తర్వాత అది బీరువాలోకి వెళుతుంది. కొన్నాళ్లకు చెదపురుగు వచ్చి, అందులో తన పేరుందో లేదో స్వయంగా చూసుకుంటుంది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఆ పుస్తకం చదివిన ఏకైక ప్రాణి అదే.

జాబితాలోకి ఎక్కని ఘనత ఒకటి చెప్పాలి. గిద్దలూరుకు అంతర్జాతీయ ఖ్యాతి ఉందని గిద్దలూరు వాళ్లకే తెలీదు. నెమలి మెడలా నిగనిగలాడే నీలిరంగు చెట్టుసాలీడు ఒకటుంది. (సాలీడు కీటకం కాదు, దానికి ఎనిమిది కాళ్లు. నాకూ తెలుసు. ఉత్తరాలు రాయకండి.) 1899లో పోకాక్ అనే ఆంగ్లేయుడు గుత్తిలో దొరికిన నమూనాకు పేరు పెట్టాడు. బహుశా రైలు కట్టెల్లో దాక్కుని టిక్కెట్టు లేకుండా వచ్చింది పాపం. తర్వాత 102 ఏళ్లు దాన్ని చూసినవాడు లేడు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. దాని ఇల్లు వంద చదరపు కిలోమీటర్లకు మించదని లెక్కగట్టి 2008లో అంతరించే ప్రమాదం అంచున ఉన్నవాటిలో చేర్చారు. ఈలోగా అది యూరప్‌లో, అమెరికాలో గాజుపెట్టెల్లో పెంపుడు ప్రాణి అయిపోయింది. జర్మనీలో ఓ కుర్రాడు తన పడకగదిలో గిద్దలూరు సాలీడు పిల్లల్ని సాకుతుంటాడు. అది ఏ చెట్టు తొర్రలో ఉండేదో, ఎంత తడి కావాలో నోటిలెక్కన చెబుతాడు. ఇక్కడ గిద్దలూరు బస్టాండులో అడిగితే, అలాంటిదేదన్నా కనిపిస్తే చెప్పుతో కొట్టమని సలహా ఇస్తారు.

జర్మనీ మాట వచ్చింది కాబట్టి క్రెఫెల్డ్ కథ కూడా అయిపోనివ్వండి. ఆ ఊళ్లో పురుగుల పిచ్చోళ్ల సంఘం ఒకటుంది. ఎక్కువమంది జీతం పుచ్చుకోని ఔత్సాహికులే. 1989 నుంచి 27 ఏళ్ల పాటు 63 సంరక్షిత ప్రాంతాల్లో మలేస్ డేరాలు వేసి, పడిన పురుగుల్ని తూకం వేశారు. పేర్లు పెట్టడం తర్వాత సంగతి, ముందు తూకం. 2017లో లెక్క బయటపెడితే ఎగిరే కీటకాల బరువు నాలుగింట మూడొంతులకు పైగా తగ్గిపోయింది. గమనించండి, ఇది జరిగింది ఫ్యాక్టరీ పక్కనో, చేలోనో కాదు. కంచె వేసి, బోర్డు పెట్టి, కాపాడుతున్నాం అని రాసుకున్న చోట. ఆ ముక్కల చుట్టూతా ఉన్నవి పొలాలు. చుట్టూ ఉన్న సేద్యం తీరు మీదికే అనుమానం పోయింది.

మన నల్లమల అంచున ఉన్నవి ఏం పొలాలో చెప్పాలా? దోర్నాల నుంచి వినుకొండ, మాచర్ల దాకా అడవి దిగగానే మిరప, పత్తి. కందిరీగ అడవి మానులో గూడు కడుతుంది, చేలో వేటాడుతుంది. తూనీగ వాగులో పుడుతుంది, చేనంతా తిరుగుతుంది. తేనెటీగ పత్తిపూవు మీద వాలేముందు ఇది రేంజి ఆఫీసరు పరిధా, వ్యవసాయాధికారి పరిధా అని విచారించుకోదు. మన సర్వేకు మాత్రం ఆ విచారం ఉంది. అటవీశాఖ దీపం అడవి చివరి చెట్టు దగ్గర ఆరిపోతుంది. వ్యవసాయశాఖ టార్చి చేని మొదటి గట్టు దగ్గర వెలగాలి. వెలగదు.

అలాగని మైదానంలో కీటకాల సర్వే లేదని అనలేం. ఉంది. ఏళ్ల తరబడి తెంపు లేకుండా నడుస్తున్నది, ప్రతి ఊరినీ ప్రతి రైతునీ పట్టించుకున్నది, పైసా గ్రాంటు అడగనిది ఒకటుంది. పురుగుమందుల కొట్టు ఖాతా పుస్తకం.

అక్కడ గుర్తింపు పని ఎలా జరుగుతుందో చూడండి. రైతు ప్లాస్టిక్ కవర్లో ఓ కొమ్మ తెస్తాడు. కొట్టాయన కవరు ముడి కూడా విప్పడు.

"ఏంది బాబాయ్, పూత రాలతందా?"

"రాలతంది అబ్బాయా. పూతలో నల్లగా ఏందో పాకతన్నై."

"పోద్దిలే. ఈ డబ్బా కొట్టు. దీంట్లోకి ఇది కలుపు. ఆకు పచ్చబడటానికి ఇదో పొట్లం."

"మొన్న ఇచ్చింది ఇదేగదయ్యా?"

"అది పోయినేటి కంపెనీ. ఇది కొత్తది. డబ్బులు సంగతి కాయలు యార్డుకెళ్లాక చూసుకుందాం."

లెన్సు లేదు, సూది లేదు, లాటిన్ లేదు. అర నిమిషంలో జాతి, ప్రజాతి, మందు, ఋణం నాలుగూ తేలిపోయాయి. డబ్బాల మీద పేర్లు చూస్తే రాజులవి, ఆయుధాలవి, మెరుపులవి, పురాణ వీరులవి. లోపలికి వెళితే పౌరాణిక నాటకం గ్రీన్‌రూములో ఉన్నట్టుంటుంది. జీవసంబంధమైన మందు అంటూ అమ్మే బయోలు ఇంకో వరస. లోపలున్నది ఏమిటో సీసాకే తెలియాలి.

ఆ ఖాతా పుస్తకాన్ని చివరి నుంచి మొదటికి తిరగేసినవాడికి ఈ రెండు జిల్లాల కీటక చరిత్ర మొత్తం దొరుకుతుంది. 1980ల మొదట్లో సింథటిక్ పైరిథ్రాయిడ్లు వచ్చాయి. కొడితే పురుగు అక్కడికక్కడే రాలేది. పురుగుతో పాటు అక్షింతల పురుగు, అల్లికరెక్కల పురుగు, సాలీడు, నలుసంత కందిరీగలు కూడా రాలేవి. వాటికి ఖాతాలో పద్దు లేదు కాబట్టి ఎవరూ రాసుకోలేదు. అంతదాకా తెల్లదోమను తిని అదుపులో పెడుతున్నది అవే. తినేవాళ్లు పోయాక 1984-85లో తెల్లదోమ పత్తి మీద మేఘంలా లేచింది. పంట పోయింది. విచారణ జరిపి, దోషి తెల్లదోమ అని తేల్చి, దానికి ఇంకో మందు రాశారు.

1987లో శనగపచ్చ పురుగు వంతు. పైరిథ్రాయిడ్లు తాగి తాగి దానికి అలవాటైపోయింది. ఈ నిరోధకత మన దేశంలో మొదట శాస్త్రీయంగా రుజువైంది ఆంధ్ర పత్తిచేల పురుగుల మీదే. ఓ సీజనులో ముప్పైసార్లు దాకా మందు కొట్టిన రైతులున్నారు. పురుగు చావలేదు. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తిరైతులు అదే డబ్బాలో మిగిలింది తాగారు. పురుగును చంపలేని మందు మనిషిని మాత్రం చంపింది. ఇక్కడ వ్యంగ్యం రాయడానికి నాకు చేయి రాదు, ముందుకు పోతున్నాను.

2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. విత్తనంలోనే మందుంది, ఇక కొట్టక్కర్లేదు అన్నారు. కాయపురుగు నిజంగానే కొన్నేళ్లు తలవంచింది. ఆ కుర్చీలోకి రసం పీల్చే పురుగులు ఎక్కాయి. 2006లో ఒక జన్యువు చాలదని రెండు జన్యువుల విత్తనం తెచ్చారు. పదేళ్లలో గులాబీరంగు పురుగు ఆ రెంటినీ పచ్చడన్నంలా తినడం నేర్చింది. ఇలా ప్రతిసారీ కథ ఒకటే. చేలో ఎన్ని రకాల ప్రాణులున్నాయో, ఎవరు ఎవర్ని తింటున్నారో లెక్క లేకుండా ఒకదాన్ని చంపడం, ఖాళీ అయిన కుర్చీలోకి ఎవరొచ్చారో చూసి ఆశ్చర్యపోవడం.

ఇప్పుడు ఉష్ణమండల కీటక శాస్త్రంలో అందరికీ తెలిసిన కథ ఒకటి చెబుతాను. అమెరికా స్మిత్సోనియన్ సంస్థ శాస్త్రవేత్త టెర్రీ ఎర్విన్ పనామా అడవికి వెళ్లాడు. చెట్ల పైకొమ్మల్లో ఏ పురుగులున్నాయో ఎవరికీ తెలీదు, ఎక్కి చూడటం అయ్యే పని కాదు. ఆయన ఏంచేశాడంటే, ఒకే జాతి చెట్లు పందొమ్మిదింటికి పురుగుమందు పొగ పట్టించాడు. కింద పరిచిన వాటి మీద వాన కురిసినట్టు పురుగులు పడ్డాయి. ఏరి లెక్కపెడితే పెంకుపురుగులే దాదాపు 1,200 రకాలు. ఆ లెక్కను సాగదీసి 1982లో ఆయన ఓ చిన్న వ్యాసంలో ఉష్ణమండలంలోనే మూడు కోట్ల రకాల కీళ్లకాళ్ల ప్రాణులు, అంటే కీటకాలూ వాటి చుట్టాలూ, ఉండొచ్చు అన్నాడు. అప్పటిదాకా పదిహేను, ఇరవై లక్షలుంటాయేమో అనుకుంటున్న పండితులకు మతిపోయింది. ఆ మూడు కోట్లు ఎక్కువని తర్వాతివాళ్లు బాగా కోత పెట్టారు, అది వేరే సంగతి. పద్ధతి మాత్రం నిలిచింది.

మందు కొట్టు, కింద గుడ్డ పరువు, పడినవి లెక్కపెట్టు. ఎర్విన్ చేసింది ఇంతే. ఈ మూడింట్లో మొదటి పనిలో మనల్ని మించినవాడు భూమ్మీద ఉన్నాడా? పందొమ్మిది చెట్లకు పొగ పెట్టినందుకే ఆయన పేరు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కితే, లక్షల ఎకరాలకు వారం వారం పొగ పెడుతున్న పల్నాడు రైతుకు ఏమివ్వాలి? ఆయనకు ఎత్తుపరికరాలు కావాల్సి వచ్చాయి. మనకు వీపున పంపు, మూతికి తువ్వాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద కీటక సర్వే నలభై ఏళ్లకు పైగా ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నడుస్తోంది. ఖర్చంతా రైతే పెట్టుకున్నాడు. ప్రాణం కూడా కొందరు పెట్టారు. గుడ్డ ఒక్కటే ఎవరూ పరచలేదు.

పరచబోయారు, అబద్ధమాడకూడదు. పొలంబడి అని ఒక కార్యక్రమం వచ్చింది. వారానికోరోజు రైతులు చేలోకి దిగి, మొక్క మొక్కకీ శత్రుపురుగులెన్ని, మిత్రపురుగులెన్ని లెక్కపెట్టి చార్టు మీద బొమ్మ గీయాలి. ఇద్దరు శత్రువులకు ఒక మిత్రుడుంటే కంగారు పడి మందు కొట్టొద్దని సూత్రం. చదువురాని ఆడవాళ్లు కూడా అక్షింతల పురుగు పిల్లను గుర్తుపట్టి ఇది మన మనిషే అని వదిలేసేవారు. మన గడ్డ మీద సిసలైన కీటక సర్వే అంటూ జరిగితే అదే. ఆ చార్టులన్నీ దాచి ఉంటే ఈరోజు ఊరి ఊరికీ పురుగుల చరిత్ర చేతిలో ఉండేది. దాచింది హాజరు పట్టిక. చార్టు పట్టుకుని నిలబడ్డ ఫొటోలో వెనక బ్యానరూ, ముందు అధికారీ స్పష్టంగా ఉంటారు. చార్టు మీద పురుగు మాత్రం కనిపించదు.

ఇక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీ ఓ కమిటీ వేసుకుని ఊళ్లో ఉన్న ప్రాణులూ మొక్కలూ అన్నీ అందులో రాసుకోవాలి. ఏళ్లు గడిచినా చాలా పంచాయతీలకు ఆ ఊసే లేదు. 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ కళ్లెర్రజేసి, 2020 జనవరి 31 లోపు పూర్తి చేయకపోతే రాష్ట్రానికి నెలకు 10 లక్షలు జరిమానా అంది. అంతే, ఆ సంక్రాంతికి దేశమంతా జీవవైవిధ్యం పొంగి పొర్లింది. కోట్ల ఏళ్ల పరిణామం చేయలేని పని గడువు తేదీ చేసింది.

ఆ రిజిస్టరు నమూనా చూస్తే నేను మొదట చెప్పిన రెండు పౌరసత్వాలూ అచ్చులో కనిపిస్తాయి. అడవి ప్రాణుల పట్టికలో కీటకాలకు చోటుంది. పంటల భాగానికి వచ్చేసరికి పురుగు కోసం కేటాయించిన పట్టిక పంటల చీడలు. అక్షింతల పురుగు ఏ గడిలో రాయాలి? చేలోనే పుట్టి, చేలోనే పెరిగి, అడవి మొహం చూడని కందిరీగ ఏ గడిలోకి పోవాలి? పంచాయతీ కార్యదర్శి తెలివైనవాడు. చెప్పినన్ని వరసల్లో చీడల పేర్లు నింపి, సర్పంచి సంతకం పెట్టించాడు. ఆ విధంగా మన ఊరి ప్రాణులన్నిట్లోకీ బతికి ఉన్నందుకు ప్రభుత్వ గుర్తింపు దక్కింది పంటను తినేవాటికి మాత్రమే. కాపాడేవి కాగితం మీద పుట్టనేలేదు.

జాబితాల వల్ల ఒరిగేదేముంది, లాటిన్ పేర్లు కూడు పెడతాయా అనేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. వాళ్ల కోసం నల్ల తామరపురుగు జాతకం చదువుతాను. ఇండోనేషియా, థాయ్‌లాండ్ వైపు ప్రాణి. ఇక్కడికి చేరింది. బెంగళూరు దగ్గర బొప్పాయి మీద దొరికినదాన్ని 2015లో కలకత్తాలోని జెడ్‌ఎస్‌ఐ వాళ్లు, అవును, ఆ అడవి జాబితాలు వేసే సంస్థవాళ్లే, సూక్ష్మదర్శినిలో చూసి, జన్యు పరీక్ష చేసి, ఇది మన దేశంలో కొత్త, ఇది దురాక్రమణ జాతి అని శాస్త్రపత్రికలో అచ్చేశారు. అంటే దొంగ ఊళ్లోకి దిగాడని ఫొటోతో సహా ఫిర్యాదు నమోదైంది. తర్వాత ఆరేళ్లు. 2021 మొదట్లో చిలకలూరిపేట వైపు మిరపపూతలో తేలింది. ఆ ఏడాది చివరికి గుంటూరు, ప్రకాశం దాటి తెలంగాణ దాకా తోటలకు తోటలు పూత రాల్చేశాయి. చెట్లు పీకేసిన రైతులున్నారు. అప్పుడు అందరూ ఒకేమాట అన్నారు, ఎక్కడ్నుంచి ఊడిపడిందిరా ఇది అని. ఎక్కడ్నుంచీ ఊడిపడలేదు. ఆరేళ్ల నుంచీ బీరువాలో ఉంది.

గుంటూరు నుంచి బెంగళూరు రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతాం. పురుగుకు ఆరేళ్లు పట్టింది. అటునుంచి కబురుకు అంతకన్నా ఎక్కువ పట్టింది.

పాత తామరపురుగు సంగతి వింటే మాత్రం మీ గుండె గర్వంతో ఉప్పొంగాలి. ఆకును పైముడత పడేసే ఆ చిన్న పసుపు ప్రాణికి 1919లో కోయంబత్తూరు నమూనాల మీదే పేరు పెట్టారు. అసలు సిసలు దక్షిణాది బిడ్డ. అది 2005లో ఫ్లోరిడాలో దిగి, గులాబీల మీద స్థిరపడింది. వీసా ఇంటర్వ్యూ లేదు, గ్రీన్‌కార్డు క్యూ లేదు. అక్కడివాళ్లు దాన్ని చిల్లీ త్రిప్స్ అని పిలుస్తూ, ఎక్కడెక్కడ కనిపించిందో పటాలు గీసి, తోటమాలులకు ఫొటోలు పంచిపెట్టారు. మన పిల్లలకు దొరికినంత మర్యాద మన పురుగుకూ దొరికింది. మనం మాత్రం వచ్చినదానికి మర్యాద చేయలేదు, పుట్టినదానికీ చేయలేదు.

ఇదంతా విని, అయితే పురుగుల పేర్లు తెలిసినవాళ్లను నాలుగు జిల్లాలకు ఒకరినైనా పెట్టుకోవచ్చు కదా అని అమాయకుడెవరైనా అడగవచ్చు. బాపట్లలో 1945 నుంచీ వ్యవసాయ కళాశాల ఉంది. గుంటూరు పక్కన లాంలో పరిశోధనా స్థానం ఉంది, విశ్వవిద్యాలయమే ఉంది. అక్కడ పురుగుల గురించి తెలిసినవాళ్లున్నారు. కానీ కుర్రాడు కీటకశాస్త్రం చదివి తామరపురుగు మీసంలో కణుపులు లెక్కపెడతానంటే పిల్లనిచ్చేవాడు లేడు. అదే కుర్రాడు ఆ పురుగును చంపే డబ్బా అమ్ముతానంటే జీతం, కారు, విదేశీ యాత్ర, కట్నం. పేరు పెట్టేవాడి కన్నా చంపేవాడికి ఎక్కువ ఇచ్చే సమాజానికి పేరు తెలియని చావులే మిగులుతాయి. రైతు సాధికార సంస్థ 2016 నుంచీ మందుల్లేని సేద్యం నేర్పుతోంది, ఆ చేలల్లో సాలీళ్లు తిరిగొచ్చాయని రైతులు చెబుతారు. సంతోషం. అక్కడైనా ఓ డేరా కట్టి పడినవి తూకం వేస్తే, వచ్చాయో లేదో చెప్పడానికి ఉపన్యాసం అవసరం ఉండదు.

చివరికి గుడ్డ కూడా వచ్చింది, చెప్పడం మరిచాను. నల్ల తామరపురుగు విరుచుకుపడ్డ ఏడాది నీలిరంగు జిగురు అట్టలు పెట్టమన్నారు. రైతులు పెట్టారు. పల్నాడు మిరపతోటలు దూరానికి ఎన్నికల సభలా రెపరెపలాడాయి. ఒక్కో అట్ట ఒక్కో సర్వే పత్రం. ఏ ఊరు, ఏ చేను, ఏ వారం, ఎన్ని తామరపురుగులు, వాటితో పాటు అంటుకుపోయిన అక్షింతల పురుగులెన్ని, చిన్న కందిరీగలెన్ని, తేనెటీగలెన్ని, అన్నీ వేలిముద్రల్లా దాని మీదే ఉన్నాయి. ఎర్విన్ బతికుంటే వాటి కోసం విమానం దిగి ఆటోలో వచ్చేవాడు. కాయ కోతలు అయ్యాక రైతు వాటిని కట్టగట్టి మందుల కొట్టుకు పట్టుకొచ్చాడు. పారేయడానికి మనసొప్పలేదట, డబ్బు పోసి కొన్నవి.

"అబ్బాయా, దీని మీద ఏందేందో రకరకాలు అంటుకున్నై. ఎవరన్నా చూసేవాళ్లుంటారా ఇయ్యి?"

"చూసేదానికేముంది బాబాయ్, అన్నీ చచ్చినయ్యేగా. ఆ మూల పడెయ్యి. ఇదిగో, వచ్చే ఏటి పురుక్కి కొత్త మందు దిగింది. ఇప్పుడే అడ్వాన్సు కడితే డబ్బాకి వంద తగ్గిస్తా."

"వచ్చే ఏడు ఏం పురుగొస్తది?"

"అది ఇంకా రాలేదు."